రెండు టీ గ్లాసులు

మురకంబట్టు షెడ్డులో చేరేటప్పటికి
నాకు పదహారేళ్లు.
స్పానరు సైజులు వేళ్లకే తెలిసేవి,
డబ్బా మీద అక్షరాలంటేనే
చూపు నిలిచేది కాదు.

మునిరత్నం క్వాలిస్ కింద
రోజూ రూపాయి బిళ్లంత తడి.
స్టీరింగు తిప్పితే పంపు మూలిగేది,
ఉయ్యాల ఆపితే చంటిబిడ్డ మూలిగినట్టు.
"ఆయిలు తగ్గుండాది, పోసేయ్ రా అబ్బోడా"
అని ఉస్తాద్ జుమ్మాకు పోయినాడు.

బెంచీ కింద రెండు డబ్బాలు.
చేతికి ముందు తగిలిందే పోసినాను.
తేనె రంగులో ఉండింది.
ఎర్రగా ఉండాలని
నాకెవరూ చెప్పలేదని
చాన్నాళ్లు అనుకున్నాను.
చెప్పినారు.

మరుసటి రోజు నేల పొడి.
ఆ మరుసటి రోజూ పొడి.
మునిరత్నం నా జేబులో పది నోటు కుక్కి
"నీది మంచి చెయ్యిరా" అన్నాడు.
ఆ పదితో
కారం చల్లిన మామిడి ముక్కలు కొనుక్కున్నాను.

రబ్బరు అప్పుడు తాగతా ఉండింది.
తనది కాని దాన్ని
లోపల్లోపల పీల్చుకుని
ఉబ్బి,
కారే సందును ఆ ఉబ్బుతోనే మూసి.
వాపును చూసి బలుపనుకున్నాం
నేనూ, మునిరత్నమూ.

పదకొండో రోజు
బంగారుపాళెం మండీలు దాటి
మొగిలి ఘాటు ఎక్కతా ఉంటే
మెత్తబడిన అంచు చిరిగింది.
బండిలో తొమ్మిది మంది,
పలమనేరులో ఎవరి బిడ్డకో చెవులు కుట్టే పని.
స్టీరింగు రాయైపోయింది.
పశువుల పండగలో కోడెను
కొమ్ములు పట్టి వంచినట్టు
ఒక్కో మలుపునూ భుజాలతో వంచుకుంటా
పైకి చేర్చినాడంట మునిరత్నం.
ఎవరికీ ఏమీ కాలేదు.
ఈ మాట ఇప్పటికీ
రెండుసార్లు చెప్పుకుంటాను.
ఎవరికీ ఏమీ కాలేదు.

రాక్ విప్పితే
దస్తగిరి ఉస్తాద్ వేలికి నల్లటి జిగురు.
సీలును దాని గాడిలో తిరిగి పెట్టబోయినాడు,
పట్టలేదు,
పెళ్లినాటి ఉంగరం
వాతమొచ్చిన వేలికి పట్టనట్టు.
ట్యాంకు మూత తీసి వాసన చూసినాడు.
నా వైపు చూడలేదు.

కొట్టలేదు. తిట్టలేదు.
టీ కొట్టు సెల్వక్కను
రెండు గ్లాసులు అడిగి తెచ్చి
ఒకదాంట్లో ఎర్రాయిలు,
ఒకదాంట్లో బ్రేకాయిలు పోసి
ఒక్కోదాంట్లో ఒక కొత్త సీలు వేసి
కిటికీలో పెట్టినాడు.
"రోజూ చూడు. ముట్టుకోవద్దు."

ఎర్రదాంట్లోది
బావిలో జారిన గాజులా
ఉన్నదున్నట్టే ఉండింది.
రెండోదాంట్లో మొదటి రోజు ఏమీ లేదు.
నాలుగో రోజుకు నానిన శనగ.
తొమ్మిదో రోజు "గిల్లు" అన్నాడు ఉస్తాద్.
గోటికి అంటుకుని వచ్చింది.

"రెండూ ఆయిలే కదా ఉస్తాద్?"
"పేరుకేరా. అది అసలు నూనే కాదు.
దాని రబ్బరు వేరు, దీని రబ్బరు వేరు.
ఎర్రది తీసకపోయి బ్రేకులో పోసి చూడు,
ఆ రబ్బరూ ఇట్లనే ఉబ్బుతాది.
తప్పు ఆయిల్ది కాదు."
అంతటితో ఆపేసినాడు.
మిగిలింది నేనే పూర్తి చేసుకోవాల.

పంపూ, రాకూ, గొట్టాలూ
అన్నీ విప్పి మూడుసార్లు కడిగినాం,
ప్రతి సీలూ మార్చినాం.
ఆ నెల ఉస్తాద్ ఇంట్లో ఏం తగ్గిందో తెలీదు,
నా జీతం తగ్గలేదు.
మునిరత్నానికి ఆ పది తిరిగిచ్చినాను.
తీసుకున్నాడు.

ఇప్పుడు పలమనేరు రోడ్డులో నాకొక షెడ్డుంది.
కొత్త పిల్లోడు ఎవడు చేరినా
ముందు కిటికీలో రెండు గ్లాసులు పెడతాను.
సెల్వక్క కొడుకు కాగితం కప్పులే ఇస్తాడు,
గ్లాసులు నేనే కొనుక్కున్నాను.

కారే బండి వస్తే తొందరగానే లేచేస్తాను.
ఉన్నట్టుండి కారడం మానేసిన బండి కిందే
ఎక్కువసేపు పడుకుంటాను,
టార్చిలైటు పట్టుకుని.